నీలం అంచు బెడ్‌పాన్

మిషనక్కకు అసలు పేరు ఒకటుంది. అది కాగితాల మీద ఉంటుంది, కాగితాలు పెట్టె అడుగున ఉంటాయి. పెళ్ళయిన మూడో నెలలో కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి డెబ్బై నాలుగేళ్ళు వచ్చినా లేవలేదు కాబట్టి వీధి వీధంతా ఆవిడకు ఆ పేరే ఖాయం చేసింది. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. "ఇంతమందికి అక్కనైతే మా అమ్మ ఎప్పుడు ఊపిరి పీల్చుకుందో" అని మొదట్లో విసుక్కునేది. తర్వాత అలవాటైపోయింది.

చదువు రెండో తరగతి. టేపు మీద అంకెలు తెలుసు, సంతకం పెడుతుంది, అచ్చక్షరాలైతే కూడబలుక్కుని చదువుతుంది. రాయడం రాదు. రాదని ఎవరైనా జాలిపడితే మాత్రం ఊరుకోదు. "రాసేవాళ్ళు రాస్తారు, కుట్టేవాళ్ళు కుడతారు. నువ్వు రాసిన కాగితం ఒంటికి చుట్టుకుని బజారుకెళ్ళు, చూద్దాం" అంటుంది.

ఆ నాలుగు వీధులకూ కలిపి ఒక మహిళా సమాజం ఉంది. ఉపన్యాసాలు ఇప్పించదు, పాటల పోటీలు పెట్టదు. ఇంట్లో మనిషి మంచాన పడితే కావలసిన సామాను ఎరువిస్తుంది. తల వైపు ఎత్తే మంచం, చక్రాల కుర్చీ, చంక కర్రలు, గాలి పరుపు, వాకరు, బెడ్‌పాన్. అద్దె లేదు, గడువు లేదు. ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. ఇచ్చినదాన్ని సమాజం తిరిగి అడగదు. పని తీరాక వాళ్ళే తెస్తారు. తేకపోతే ఎలాగని కొత్తగా చేరిన ప్రతి మనిషీ అడుగుతుంది. "తెస్తారు" అంటుంది మిషనక్క, దానికింక పొడిగింపు ఉండదు.

సామాన్ల గది తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. ఏ సామాను ఎవరింటికి పోయిందో పుస్తకంలో ఉండదు, గుడ్డలో ఉంటుంది. జానెడు వెడల్పు కోరా గుడ్డ, కర్రకు చుట్టి ఉంటుంది. విప్పితే వీధి పొడుగునా ఇళ్ళు వరసగా వస్తాయి, ఒక్కో ఇంటికి ఒక్కో గడి. మంచానికి నాలుగు కాళ్ళ గుర్తు, కుర్చీకి సున్నా, చంక కర్రకు అడ్డగీత పెట్టిన నిలువుగీత, బెడ్‌పాన్‌కు అరచందమామ. సామాను వెళ్ళినప్పుడు ఆ ఇంటి గడిలో గుర్తు కుట్టి, దారం కొసను వేలెడు పొడవు వేలాడదీసి వదిలేస్తుంది. తిరిగి వచ్చినప్పుడు కొస కత్తిరిస్తుంది. కొస వేలాడుతుంటే సామాను ఆ ఇంట్లో ఉన్నట్టు. ఇంతే. ఈ లెక్క ఆవిడొక్కదానికే తెలుసు. గుడ్డ మీద పెట్టినదాన్ని మళ్ళీ బుర్రలో పెట్టుకోవడం ఎందుకని ఆవిడ ఉద్దేశం. నలభై ఏళ్ళుగా ఒక్క కొస కూడా ఆవిడను మోసం చేయలేదు.

నలభయ్యో ఏడు కాబట్టే గొడవ మొదలైంది. సమాజానికి చరిత్ర పుస్తకం వేయాలన్నారు. రాసే పని కార్యదర్శి టీచరమ్మకు అప్పజెప్పారు. ఆవిడ బడిలో ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరయిన మనిషి. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, కుట్టు అంతకన్నా బాగుంటుంది. అధ్యక్షురాలు ప్లీడరుగారి కోడలు. మంచిదే, కాకపోతే ఏ మాట మొదలుపెట్టినా వాళ్ళ అత్తగారి దగ్గర తేలుతుంది.

"మొదటి పేజీలో మా అత్తగారి ఫొటో, కింద స్థాపకురాలు అని వేద్దాం" అన్నది అధ్యక్షురాలు సమావేశంలో. "రెండో పేజీలో ఆవిడ ఈ గదికి రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో."

గోడవారగా కూర్చుని బొత్తాలు కుడుతున్న మిషనక్క తలెత్తలేదు. "రిబ్బను కత్తిరించిన రోజుకే ఈ గదిలో ఏడు మంచాలున్నాయమ్మా. అవి నడిచొచ్చాయా?"

"అది కాదక్కా. మినిట్స్ పుస్తకం ఆ రోజు నుంచే ఉంది మరి."

"అంతకుముందు ఐదేళ్ళూ రాసేవాళ్ళు లేరు. చేసేవాళ్ళే ఉన్నారు."

"సరే, అయితే సమాజం దేనితో మొదలైందని రాయాలి?"

"బెడ్‌పాన్‌తో."

ఎవరో దగ్గారు. ఇంకెవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అధ్యక్షురాలికి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. "మొదటి పేజీలో బెడ్‌పానా! ఆ పుస్తకం ముఖ్య అతిథి చేతికి ఇస్తామక్కా!"

"ఇవ్వండి. ఆయనకు మాత్రం ఏదో ఒకనాటికి అవసరం రాదా ఏమిటి?"

ఆవిడ చెప్పింది నిజమే. సమాజం మొదలైంది మిషనక్క అత్తగారి తుంటి ఎముకతో. స్నానాల గదిలో జారిపడి ఆ పెద్దావిడ ఎనిమిది నెలలు మంచంలో ఉంది. లేచే దారి లేదు, అడగడానికి నామోషీ. అడగాల్సి వస్తుందని పొద్దుటి నుంచి చీకటిపడేదాకా మంచినీళ్ళు ముట్టుకునేది కాదు. నాలుక పిడచకట్టుకుపోయినా గ్లాసును చేతి వెనకతో పక్కకు తోసేసేది. మిషనక్క రెండు రోజులు చూసి, మూడో రోజు బజారుకెళ్ళి నీలం అంచున్న తెల్లటి ఎనామిల్ బెడ్‌పాన్ తెచ్చింది. అంచు వెడల్పుగా ఉంటుంది, ఒరగదు, ఒరుసుకోదు. దానికి మూతితాడు ఉన్న సంచీ ఒకటి కుట్టింది. చూసేవాళ్ళకు కుట్టిన బట్టల మూటలా ఉంటుంది. నాలుగో రోజు నుంచి పెద్దావిడ నీళ్ళు తాగింది.

ఆవిడ పోయాక దాన్ని పారేయమన్నది ఆడపడుచు. మిషనక్క తోమి ఎండబెట్టి అటక మీద పెట్టింది. మూడు నెలలకు ఎదురింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమీ అడగదు, పోదు, కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తుంది. వాళ్ళాయన మంచం పట్టి వారమైంది. మిషనక్క అటకెక్కి సంచీ దించి చేతికిచ్చింది. "ఎవరైనా అడిగితే జాకెట్లు కుట్టించుకున్నానని చెప్పు."

అలా అది తొమ్మిది ఇళ్ళు తిరిగింది. మూడో ఇంట్లో ఉన్నప్పుడు ఇంకెవరికో అవసరమొస్తే, ఆడపడుచు పెత్తనం చేసి ఆ మూడో ఇంటికెళ్ళి, "మాది మాకిస్తారా" అని అడిగొచ్చింది. వాళ్ళు ఇవ్వనూ ఇచ్చారు. ఆ ఇంట్లో మంచంలో ఉన్నావిడ ఆ రోజు నుంచి నీళ్ళు మానేసింది. సంగతి తెలిసి మిషనక్క సంచీ పట్టుకుని వెనక్కి పరిగెత్తింది. తిరిగి అడగరాదన్న కట్టుబాటు ఆ సాయంత్రం పెట్టిందే. ఆ తొమ్మిది మందిలోనే ఒకావిడ మొగుడి చంక కర్రలు తెచ్చిచ్చింది, ఒకావిడ మంచం ఇచ్చింది. ఐదేళ్ళకు సామాను పెరిగి మిషను పెట్టుకోవడానికి చోటు లేకపోతే, ప్లీడరుగారి భార్య తమ ఆవరణలో గది ఇచ్చింది. గది మంచిదే. రిబ్బను కూడా మంచిదే.

ఇదంతా విని టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నోటిమాట మీద అచ్చు వేయలేనక్కా. వస్తువు ఉంటే చూపించండి. శుక్రవారం ఫొటోగ్రాఫరు వస్తాడు. దాని ఫొటో తీయించి, ఈ కథ రాసి, మొదటి పేజీలో వేస్తాను."

"చూపిస్తే అలాగే వేద్దాం" అన్నది అధ్యక్షురాలు. నలభై ఐదేళ్ళ నాటి బెడ్‌పాన్ ఎప్పుడో తుప్పుపట్టి పోయుంటుందని ఆవిడ ధీమా.

మిషనక్కకు ఎవరి ధీమాతోనూ పనిలేదు. నీలం అంచుదానికి నీలం దారమే వాడుతుంది. అది ఎవరింట్లో ఉందో గుడ్డ విప్పితే తెలుస్తుంది. కళ్ళజోడు ఇంట్లో ఉంది, రేపు చూడవచ్చనుకుంది. ఈలోగా టీచరమ్మ గుడ్డను చేతుల్లోకి తీసుకుని, "ఇది మామూలు గుడ్డ కాదక్కా, సభలో బల్ల మీద పరవాలి. రెండు రోజులు నా దగ్గర ఉంచుకోనా?" అన్నది. చదువుకున్న మనిషి తన కుట్టును అలా రెండు చేతులతో పట్టుకునేసరికి మిషనక్క పొంగిపోయింది. పప్పులో కాలేసింది అక్కడే.

సోమవారం పొద్దున టీచరమ్మ గుడ్డ తెచ్చింది. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, అంచులు మడిచి కుట్టి తెచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మీలాంటి పనిమంతురాలు ఇన్ని కొసలు వదిలేయడమేమిటక్కా! కూర్చుని అన్నీ శుభ్రం చేశాను."

"కత్తిరించావా?"

"ఒక్కటి మిగిలిస్తే ఒట్టు!"

ఆవిడను తప్పుపట్టడానికి లేదు. పిల్లల కుట్టులో దారం కొస కనబడితే వేళ్ళ మీద స్కేలుతో కొట్టిన చెయ్యి అది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. మిషనక్క గుడ్డను ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమింది. ఎక్కడా ఏమీ వేలికి తగల్లేదు. ఆవిడ అరవలేదు. అరిచుంటే టీచరమ్మకు బాగుండేది.

"ముప్ఫై నాలుగు" అన్నది.

"ఏమిటక్కా?"

"గదిలో లేని సామాన్లు. ఎవరింట్లో ఏముందో ఆ కొసలు చెప్పాలి. నీలం అరచందమామలు అరవై రెండు ఇళ్ళల్లో ఉన్నాయి. అది ఇప్పుడు ఏ ఇంట్లో ఉందో నీ కత్తెరకే తెలియాలి."

టీచరమ్మ కూర్చుండిపోయింది. కాసేపటికి నీళ్ళు నములుతూ, "ఇంటింటికీ వెళ్ళి అడుగుదామక్కా" అన్నది.

"అడగరాదు."

"తీసుకోవడానికి కాదుగా, తెలుసుకోవడానికి."

"మనం గుమ్మంలో నిలబడి అడిగితే లోపలున్నవాళ్ళకు రెండూ ఒకటే."

చివరికి ఒక ఉపాయం తేలింది. ఆదివారం సభకు పిలవడానికని వెళ్ళాలి. కూర్చోమంటే కూర్చోవాలి, టీ ఇస్తే తాగాలి, కళ్ళు తెరిచి ఉంచాలి, నోరు మూసుకోవాలి. నోటి విషయంలో మిషనక్కకే కాస్త కష్టం.

మొదటి ఇంట్లోనే తెలిసిపోయింది ఇది అనుకున్నంత సులువు కాదని. వాళ్ళను చూడగానే కోడలు లోపలికి పరిగెత్తి వాకరు పట్టుకొచ్చింది. వెనకాల మామగారు గోడ పట్టుకుని ఊగుతూ నిలబడ్డాడు.

"ముందు ఆయనకిచ్చెయ్ తల్లీ, పడిపోతాడు. మేం పిలుపులకొచ్చాం."

"నిజంగా పిలుపులకేనా అక్కా?"

"కాదు, మీ మామగారితో పరుగు పందెం పెట్టుకుందామని. ఇచ్చెయ్యి."

ముసలాయన నవ్వాడు. వాకరు ఆయన చేతికందింది. బయటికొచ్చి మిషనక్క అరుగు మీద కూర్చుంది, టీచరమ్మ సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది, ఆ గడిలో మళ్ళీ కొస వేలాడింది. నాలుగు రోజులు పని అలాగే సాగింది. ఒక ఇంట్లో చక్రాల కుర్చీ మీద దుప్పటి కప్పి దాని మీద బట్టలు పోశారు. దుప్పటి కింద నుంచి చక్రాలు చూస్తున్నాయి. మిషనక్క చూడనట్టే టీ తాగింది. ఇంకో ఇంట్లో వాళ్ళు తాళం వేసుకుని పెరటి దారిన పోయారు. కిటికీలోంచి గాలి పరుపు మోటారు చప్పుడు వినబడితే అది కూడా కుట్టుకున్నారు.

కొన్ని ఇళ్ళల్లో సామాను లేదు, మాటలున్నాయి. "మా నాన్న పోయాక ఆ మంచం వైపు చూడలేక ఆర్నెల్లు తిప్పి పంపలేదక్కా" అన్నది ఒకావిడ. "మీరు ఒక్కసారి కూడా రాలేదు. వచ్చుంటే తిట్టి పంపేదాన్ని. రాలేదు కాబట్టే తెచ్చిచ్చాను." టీచరమ్మ అది పుస్తకంలో రాసుకుంది. సాయంత్రానికి ఆవిడ కాళ్ళు వాచాయి. మిషనక్కవి వాచలేదు. యాభై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళు.

ఇంటికొస్తే ఆడపడుచు గుమ్మంలోనే పట్టుకునేది. "దొరికిందా వదినా? మా అమ్మ బతికుండగా వీధి గడప దాటలేదు. ఆవిడ బెడ్‌పాన్ మాత్రం నాలుగు వీధులూ చుట్టేసింది."

"నువ్వూ ఉన్నావు, దానికున్న పుణ్యం కూడా లేదు."

గురువారం మధ్యాహ్నానికి ముప్ఫై మూడు కొసలు వేలాడాయి. నీలం కొస లేదు. చివరి వీధిలో చివరి ఇల్లు మిగిలింది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయిన మనిషి ఇల్లు. భార్య తలుపు తీసింది. ముందు గదిలోనే మంచం, కిటికీ వైపు ఆయన. భారీ మనిషి, మొన్నమొన్నటిదాకా చేతులు వీపు వెనక పెట్టుకుని వీధి మధ్యలో నడిచేవాడు. మంచం పక్కన స్టూలు మీద గ్లాసులో నీళ్ళున్నాయి. మిషనక్క గోడకేసి చూసింది. మేకుకు మూతితాడు సంచీ వేలాడుతోంది. సంచీ రంగు పోయింది కానీ కుట్టు పోలేదు. తన కుట్టు తనకు తెలియదా?

టీచరమ్మ మంచం కిందికి చూసింది. నాలుగు రోజుల తిరుగుడు, శుక్రవారం ఫొటోగ్రాఫరు, అన్నీ కలిసి నోట్లోంచి ఊడిపడ్డాయి. "అక్కా! నీలం అంచు! ఇదే, దొరికింది!"

డ్రైవరు భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "తీసుకెళ్ళడానికొచ్చారా? తుంటి విరిగిందమ్మా. ప్లాస్టిక్‌ది కొన్నాం, ఈయన బరువుకు ఒరిగిపోతోంది. పోనీలెండి, మీ అవసరం మీది... తీసుకెళ్ళండి."

డ్రైవరు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తిప్పుకుంటూ, స్టూలు మీది గ్లాసును చేతి వెనకతో పక్కకు తోశాడు. నీళ్ళు కాస్త తొణికాయి.

మిషనక్క ఆ గ్లాసును చూసింది.

"ఏం తీసుకెళ్ళడం? ఆదివారం మా సభ ఉంది, పిలవడానికొచ్చాం" అన్నది. "ఈవిడ టీచరు, ఏది చూసినా హాజరు వేసుకుంటుంది, పట్టించుకోకు. అది ఆయన లేచి నడిచేదాకా ఇక్కడే ఉంటుంది. ఆయన్ని నీళ్ళు తాగమను. తాగేదాకా నేను కూర్చుంటాను. నాకేం తొందర లేదు."

నిజంగానే కూర్చుంది. వానల గురించి, బస్సుల గురించి, మనిషి ఎక్కకముందే బస్సు కదిలించే కుర్ర డ్రైవర్ల గురించి మాట్లాడింది. కుర్ర డ్రైవర్ల మాట వచ్చేసరికి ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. వాళ్ళకు క్లచ్ తొక్కడం రాదని చెప్పడానికి పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. చెప్పి, గ్లాసు ఖాళీ చేశాడు.

బయటికొచ్చాక టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒక్క గంట అక్కా. రేపు పొద్దున నేనే వచ్చి పట్టుకెళ్ళి, ఫొటో తీయించి, నేనే తెచ్చిస్తాను. ఆవిడ ఇస్తానంది కూడా."

"ఆవిడ ఇస్తుంది. ఆయన మళ్ళీ గ్లాసు తోసేస్తాడు."

"మరి మొదటి పేజీ? రేపు దాటితే అచ్చుకు వెళ్ళిపోతుంది. ఇంక మార్చలేం. నలభై ఐదేళ్ళ సంగతి పోతుందక్కా."

"పోనీ" అన్నది మిషనక్క. అనడం తేలిగ్గా లేదు. అరుగు మీద కూర్చుని గుడ్డ విప్పింది. "నీలం దారం ఎక్కించు."

టీచరమ్మ ఎక్కించింది. పాత అరచందమామ మీదుగానే రెండు కుట్లు వేసి, ముడి వేసి, మిషనక్క కొస వదిలింది. టీచరమ్మ చెయ్యి దానంతటదే కత్తెర మీదికి పోయింది. మధ్యలో గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

ఇంట్లో ఆడపడుచు ఎదురుచూస్తోంది. "దొరికిందా?"

"దొరికింది."

"మరేదీ?"

"పనిలో ఉంది."

"అయితే నువ్వు స్థాపకురాలివి కావన్నమాట."

"కాను. భోజనం పెట్టు."

శుక్రవారం ఫొటోగ్రాఫరు వచ్చి మంచాలకు, కుర్చీలకు, ప్లీడరుగారి భార్య పటానికి ఫొటోలు తీసి వెళ్ళాడు. ఆదివారం పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో అధ్యక్షురాలి అత్తగారే ఉన్నారు. కాకపోతే ఫొటో కింద "గది ఇచ్చినవారు" అని ఉంది. అధ్యక్షురాలు వేదిక వెనక టీచరమ్మను నిలదీసింది. "స్థాపకురాలు అన్న మాట ఏమైంది?"

"ఆధారం దొరకలేదండీ. మినిట్స్ పుస్తకంలో గది ఇచ్చారనే ఉంది" అన్నది టీచరమ్మ.

మిషనక్క పుస్తకం ఇంటికి తెచ్చుకుని మూడు రోజులు కూడబలుక్కుని చదివింది. మొదటి వాక్యం ఇలా ఉంది: "ఈ పని ఎప్పుడు మొదలైందో రాతలో లేదు. రాసేవాళ్ళం వచ్చేసరికే జరుగుతోంది." బెడ్‌పాన్ కథ ఎక్కడా లేదు. చివరి పేజీలో సామాన్ల పట్టీ ఉంది. అక్కడ వేలు ఆపింది. మర్నాడు టీచరమ్మ కనబడగానే పట్టుకుంది. "బెడ్‌పాన్లు పదకొండు అని వేశావు. పన్నెండు."

"నీలం అంచుది వేయలేదక్కా. వేస్తే ఎక్కడుందని అడుగుతారు."

మిషనక్క ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం చాలా అరుదని అందరికీ తెలుసు.

నాలుగు నెలలకు డ్రైవరు చేతికర్రతో వీధి చివరిదాకా నడిచాడు. ఆ మర్నాడు పొద్దున పదింటికి ఆయన భార్య సంచీ తెచ్చిచ్చింది. లోపల బెడ్‌పాన్ తళతళలాడుతోంది. మిషనక్క గుడ్డ విప్పి నీలం కొస కత్తిరించింది. అక్కడే ఉన్న టీచరమ్మ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఫొటోగ్రాఫరు కోసం పరిగెత్తింది. ఇంకో పుస్తకం ఎప్పుడైనా వేయకపోతారా అని ఆవిడ ఆశ.

అతన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి పన్నెండయింది. బల్ల మీద సంచీ లేదు. మిషనక్క జాకెట్టుకు చేతులు కుడుతోంది.

"ఏదక్కా?"

"వెళ్ళిపోయింది."

"ఎవరింటికి?"

మిషనక్క మిషను ఆపలేదు. గడ్డంతో గుడ్డ వైపు చూపించింది. టీచరమ్మ కర్రకు చుట్టిన గుడ్డను విప్పుకుంటూ పోయింది. రెండో వీధిలో, ఎడమ వైపు ఐదో గడిలో, కొత్త నీలం కొస వేలాడుతోంది. అది ఎవరిల్లో ఆవిడకు తెలిసింది. పైకి చెప్పకుండా గుడ్డ చుట్టేసి, ఫొటోగ్రాఫరుకు టీ ఇచ్చి పంపింది.